పూచీ కోసం రాసిన క్రయం

మంగళగిరి సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు ఎదుట కూర్చుని నేను రాసిన క్రయ దస్తావేజులన్నీ క్రయాలు కావు. కొన్నింటిలో అమ్మినవాడు నిజంగా అమ్మలేదు, కొన్నవాడు నిజంగా కొనలేదు. ఒకరి డబ్బు ఇంకొకరికి అప్పుగా వెళ్లింది, దానికి పూచీగా స్థలం పేరు మారింది. బాకీ తీరితే వెనక్కి రాసిస్తాడు, తీరకపోతే ఉంచుకుంటాడు. ఈ సంగతి ఇచ్చినవాడికి తెలుసు, పుచ్చుకున్నవాడికి తెలుసు, సాక్షి సంతకాలు పెట్టినవాళ్లకూ తెలుసు. రాసింది నేనే కాబట్టి నాకూ తెలుసు. రిజిస్టరైన కాగితంలో మాత్రం ఆ ఊసే ఉండదు.

స్థలాల వ్యాపారులకు వడ్డీకిచ్చి రాబడి తీసుకోవడం హైటెక్ సిటీ తరవాతనో, అమరావతి తరవాతనో పుట్టిన విద్య అని మా కుర్ర ప్లీడర్లు అంటుంటారు. వాళ్లకు మా ఇంట్లో రేకు పెట్టె చూపించాలి. మా తాత తెనాలిలో దస్తావేజు లేఖరి. ఆయన తరవాత మా నాన్న అదే అరుగు మీద కూర్చుని రాశాడు. నేను పెళ్లయ్యాక మంగళగిరి వచ్చి ఇక్కడ బల్ల వేసుకున్నాను. పెట్టెలో ఉన్నవి వాళ్లిద్దరి చిత్తు ప్రతులు. పార్టీలు తీసుకెళ్లేది సాఫు ప్రతి, లేఖరి దగ్గర మిగిలేది చిత్తు. వాటిని వరసగా పెట్టుకుని చదివితే భూమి మీద అప్పు ఎన్ని వేషాలు మార్చిందో తెలుస్తుంది. చట్టం ఒక దారి మూసినప్పుడల్లా దాని పక్కనే కాలిబాట పడింది. ఆ కాలిబాట తొక్కి చూపించింది చాలాసార్లు మా లేఖరులే. అది కూడా ఒప్పుకోవాలి.

బెజవాడ దగ్గర కృష్ణకు ఆనకట్ట 1852లో మొదలై 1855లో పూర్తయింది. ధవళేశ్వరంలో గోదావరి మీద కాటన్ కట్టించింది అంతకు మూడేళ్ల ముందే అయిపోయింది. కాలవలు రాకముందు మా తెనాలి, రేపల్లె వైపు పొలం తాకట్టు పెట్టుకుని డబ్బిచ్చేవాడికి వానే దిక్కు. పంట పోతే పొలం చేతికొచ్చీ లాభం లేదు. కాలవ నీళ్లు నమ్మకంగా రావడం మొదలయ్యాక మాగాణికి విలువ వచ్చింది. విలువ వచ్చాక దాని మీద అప్పూ పుట్టింది. మద్రాసు ప్రెసిడెన్సీ రైతుల అప్పు 45 కోట్ల రూపాయలు ఉంటుందని ఫ్రెడరిక్ నికల్సన్ 1895లో అంచనా కట్టాడు. 1930 నాటి బ్యాంకింగ్ విచారణ సంఘం అది 150 కోట్లన్నది.

ఇంత అప్పు ఇచ్చినవాళ్లెవరు? సినిమాల్లో చూపించే పిసినారి షావుకారు ఒక్కడే కాదు. డెల్టాలో నాలుగు పుట్లు ఎక్కువ పండించుకున్న పక్క పొలం ఆసామీ కూడా అప్పులిచ్చేవాడు. రిజర్వు బ్యాంకు 1951-52లో దేశమంతా చేయించిన గ్రామీణ పరపతి సర్వేలో ఈ లెక్క తేలింది. రైతులకు పుట్టిన అప్పులో దాదాపు పావు వంతు వ్యవసాయం చేసుకుంటూ వడ్డీకిచ్చేవాళ్లది. 45 శాతం దాకా వడ్డీ వ్యాపారమే వృత్తిగా ఉన్నవాళ్లది. సర్కారు, సహకార సంఘాలు, బ్యాంకులు మూడూ కలిసి ఇచ్చింది ఏడు శాతం పైచిలుకే. పట్టాభి సీతారామయ్య బందరులో ఆంధ్రా బ్యాంకు పెట్టింది 1923లో, మద్రాసులో కేంద్ర భూమి తనఖా బ్యాంకు వచ్చింది 1929లో. అవి వచ్చి ఇరవై ఏళ్లు దాటినా పల్లెలో డబ్బు అవసరమైనవాడు ఎవరి గుమ్మం ఎక్కాడో ఈ అంకెలే చెబుతాయి.

తాత పెట్టెలో ఎక్కువగా ఉన్నవి స్వాధీన తాకట్లు. 1926 నాటి చిత్తు ఒకటి ఉంది. సిరా గోధుమరంగుకు తిరిగింది కానీ అక్షరం చెదరలేదు. రెండెకరాల పద్నాలుగు సెంట్ల మాగాణి, ఆరు వందల రూపాయలు. డబ్బు దేనికంటే చిన్న కూతురి పెళ్లికి, ఒక పాత నోటు బాకీ తీర్చడానికి. తరవాత నాలుగు హద్దులు: తూర్పున పంట బోదె, దక్షిణాన అన్నదమ్ముల పొలం, పడమర డొంక, ఉత్తరాన దేవుడి మాన్యం. అసలు విషయం ఆ కిందుంది. పొలం ఈ రోజే మీకు స్వాధీనం చేశాను. మీరే దున్ని సాగు చేసుకుని ఫలసాయం అనుభవించవలసింది. ఆ ఫలసాయం వడ్డీకి సరి. ఏ సంవత్సరమైనా పైరు కోసిన తరవాత, తిరిగి దుక్కి పెట్టకముందు, అసలు ఆరు వందలూ తెచ్చి ఇస్తే పొలం నాకు వదలవలసింది. దస్తావేజు మొత్తంలో వడ్డీ ఎంత అన్న అంకె ఎక్కడా లేదు. పొలమే వడ్డీ.

ఆ పద్ధతిని నేను మెచ్చుకోను. తన పొలంలో తానే కౌలుకు దిగి, షావుకారుకు మక్తా కొలిచినవాళ్లు ఎంతమందో మా నాన్న చెబుతుండేవాడు. అయితే అందులో ఒక లెక్క ఉంది. డబ్బిచ్చేవాడు ముందు ఆ పొలం గట్టు మీద నడిచేవాడు. చివరి మడి దాకా నీరు ఎక్కుతుందా, చౌడు ఉందా, కిందటేడు ఎన్ని బస్తాలు అయ్యాయి అని చూసేవాడు. రాబడి పొలంలోంచి రావాలి కాబట్టి పొలాన్ని చూశాడు. వరదొచ్చి పైరు మునిగితే ఆ ఏడు వడ్డీ లేదు, అతను అడగడానికీ లేదు. పైగా తాకట్టు విడిపించుకునే హక్కుకు అప్పటి కాలపరిమితి చట్టం ఇచ్చిన గడువు 60 ఏళ్లు. తాత పెట్టిన తాకట్టును మనవడు విడిపించుకున్న కేసులు ఉన్నాయి. 1963 చట్టం దాన్ని 30 ఏళ్లకు తగ్గించింది.

చిన్న మొత్తాలకు ప్రోనోటు ఉండేది. ఇప్పటికీ ఉంది. 1881 నాటి చట్టం, 1881 నాటి నమూనా. నోటు రాయడం చూడటానికి పావుగంట పని. ‘మీ వద్ద ఈ దినమున నా అవసర నిమిత్తం నగదుగా పుచ్చుకున్న’ అని మొదలు. అంకెల్లో, అక్షరాల్లో మొత్తం. నెలకు నూటికి ఇంత చొప్పున వడ్డీ. మీరు కోరినప్పుడు మీకు గానీ మీ ఆర్డరు పొందినవారికి గానీ చెల్లించగలవాడను. కింద రెవెన్యూ స్టాంపు అంటించి, సగం స్టాంపు మీద, సగం కాగితం మీద పడేలా సంతకం. వేలిముద్ర అయితే ఎడమ బొటనవేలు. డబ్బు లెక్కపెట్టేది అప్పుడు. చాలామంది మొదటి నెల వడ్డీ ముందే మినహాయించుకుని మిగతాది చేతిలో పెడతారు. కాగితం మీద లక్ష, చేతిలో తొంభై ఎనిమిది వేలు.

నోటుకు మూడేళ్లలో కాలదోషం పడుతుంది. అందుకని రెండేళ్ల పదకొండో నెలలో ఇచ్చినవాడు నోటు పట్టుకుని బాకీదారు ఇంటికి వస్తాడు. ఒక పది రూపాయలు జమ చేసినట్టు నోటు వెనక చెల్లు రాసి సంతకం పెట్టిస్తే మళ్లీ మూడేళ్ల ప్రాణం. ఇంకా తెలివైనవాడు చెల్లుతో ఆగడు. వడ్డీ అంతా లెక్కకట్టి అసలులో కలిపి కొత్త నోటు తిరగరాయిస్తాడు. నోటులో ఉండేది బారు వడ్డీయే. మూడేళ్లకోసారి తిరగరాసేసరికి అది చక్రవడ్డీ అయి కూర్చుంటుంది, కాగితంలో ఆ మాట ఎక్కడా ఉండదు. మా నాన్న ఇలాంటి వరస నోట్లను ఒకదాని కింద ఒకటి పెట్టి ఒక కోర్టు కేసు కోసం లెక్క రాశాడు. మూడు వందలతో మొదలైన బాకీ తొమ్మిదేళ్లలో తొమ్మిది వందలకు వచ్చింది. మధ్యలో చేతికిచ్చిన కొత్త డబ్బు ఒక్క రూపాయి లేదు.

1929 తరవాత పెట్టెలో కాగితాల రకం మారుతుంది. ఆ ఏడు రెండు సంగతులు జరిగాయి. ఒకటి లోకానికంతటికీ తెలుసు: ఆర్థిక మాంద్యం. మూడు నాలుగేళ్లలో వడ్ల ధర సగానికి పడింది. శిస్తు పడలేదు, వడ్డీ పడలేదు. బస్తా అమ్మి తీర్చగలిగిన బాకీకి రెండు బస్తాలు అమ్మాల్సి వచ్చింది. రెండో సంగతి ప్లీడర్లకూ లేఖరులకూ తప్ప ఎవరికీ పట్టలేదు. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టంలో తాకట్లు ఎన్ని రకాలో చెప్పే 58వ సెక్షనుకు ఒక చిన్న సవరణ వచ్చింది. షరతు పెట్టి అమ్మిన పొలాన్ని తాకట్టు అనాలంటే, డబ్బు కడితే వెనక్కి రాసివ్వాలన్న షరతు ఆ క్రయ దస్తావేజులోనే ఉండాలి. వేరే కాగితం మీద ఉంటే అది తాకట్టు కిందికి రాదు. పైకి క్రయం, లోపల తాకట్టు అంటూ సాగే వ్యాజ్యాలు తగ్గించడానికి తెచ్చిన సవరణ అది.

డబ్బిచ్చేవాడు దాన్ని ఎలా చదువుకున్నాడో చూడండి. షరతును అదే దస్తావేజులో రాస్తే తాకట్టు, విడిపించుకునే హక్కు 60 ఏళ్లు. విడిగా రాస్తే క్రయం, గడువు దాటితే పొలం తనది. 1929 వరకూ తాత రాసిన షరతు క్రయాల్లో షరతు లోపలే ఉంది. 1931 నుంచి చిత్తులు జంటగా కనిపిస్తాయి. ఒకటి శుద్ధ క్రయం, ఇంకొకటి వేరే స్టాంపు కాగితం మీద, అదే తేదీన, మూడేళ్లలో ఇంత మొత్తం ఇస్తే తిరిగి రాసిస్తానన్న ఒప్పందం. రెండూ ఒకే గుండుసూదితో గుచ్చి ఉన్నాయి. తరవాత తరవాత ఆ రెండోది కూడా లేకుండా పోయింది. నోటిమాట మిగిలింది.

1937లో రాజాజీ మంత్రివర్గం వచ్చింది, మరుసటి ఏడు మద్రాసు వ్యవసాయదారుల రుణ విమోచన చట్టం తెచ్చింది. 1938లో నాలుగో చట్టం కాబట్టి మా నాన్న దాన్ని ‘నాలుగో ఆక్టు’ అనే అనేవాడు. 1932 అక్టోబర్ 1కి ముందు చేసిన అప్పు అయితే, 1937 అక్టోబర్ 1 నాటికి పేరుకున్న వడ్డీ అంతా రద్దు. అసలుకు రెండింతలు ఇప్పటికే కట్టి ఉంటే బాకీ మొత్తం తీరినట్టే. 1932 అక్టోబర్ 1 నుంచి చేసిన అప్పులకు వడ్డీ నూటికి ఏడాదికి అయిదు చొప్పున కుదింపు. రైతులకు పెద్ద ఊరట. కోర్టుల్లో మొదటి పేచీ బాకీ మీద కాదు, ఈ బాకీదారు చట్టం చెప్పిన వ్యవసాయదారు అవునా కాదా అన్నదాని మీద. ఆదాయపు పన్ను కట్టాడా, పట్నంలో ఇంటిపన్ను ఎంత కడుతున్నాడు అంటూ కాగితాలు తవ్వేవారు. 1948లో ఇంకో సెక్షను చేర్చి, ముప్పై ఏళ్లు షావుకారు అనుభవంలో ఉన్న స్వాధీన తాకట్టు బాకీ తీరిపోయినట్టే అన్నారు. 1977లో ఆంధ్రప్రదేశ్ చట్టం సన్నకారు రైతులు, కూలీలు, చేతివృత్తులవాళ్ల బాకీలు రద్దు చేసింది.

ఈ చట్టాలు రావాల్సినవే, అందులో నాకు సందేహం లేదు. ఒక్క సంగతి మాత్రం మా బల్ల మీద నుంచే బాగా కనపడుతుంది. చట్టం ముట్టుకున్నది అప్పును. క్రయాన్ని ముట్టుకోలేదు. కనక డబ్బిచ్చేవాడు అప్పు అనే కాగితానికి దూరంగా, క్రయం అనే కాగితానికి దగ్గరగా జరిగాడు. నాలుగో ఆక్టు వచ్చిన మూడేళ్లలో తాత పెట్టెలో స్వాధీన తాకట్టు చిత్తులు దాదాపు ఆగిపోయాయి.

నా కాలానికి వస్తే భూమే మారిపోయింది. 1973లో వ్యవసాయ భూముల గరిష్ఠ పరిమితి చట్టం, 1976లో పట్టణ భూములకు అలాంటిదే వచ్చాయి. భూమి కూడబెట్టడం కంటే భూమి మీద డబ్బు తిప్పడం మేలనుకున్నవాళ్లు పెరిగారు. డెల్టాలో ఒక ఎకరం అమ్మితే హైదరాబాదు అవతల ఎన్నో ఎకరాలు వచ్చే రోజులవి. తెనాలి డబ్బు, భీమవరం డబ్బు, గుంటూరు మిర్చి యార్డు డబ్బు అటు పోయింది. వెళ్లింది కొనేవాళ్లే కాదు. కొనేవాళ్లకు వడ్డీకిచ్చేవాళ్లూ వెళ్లారు. 1998లో రిజిస్ట్రేషన్ ఆఫీసులకు కంప్యూటర్లు వచ్చాయి. అంతకుముందు ఒక సర్వే నంబరు మీద ఈసీ, అంటే ఆ స్థలం లావాదేవీల పట్టిక, కావాలంటే గుమాస్తా పాత పుస్తకాలు తిరగేయాలి, రోజులు పట్టేది. ఇప్పుడు టీ తాగి వచ్చేసరికి చేతికొస్తుంది. దాంతో అప్పు కూడా టీ తాగినంత సేపట్లో ఇవ్వడం అలవాటైంది.

స్థలాల వ్యాపారికి అప్పెందుకు, నూటికి మూడు రూపాయల వడ్డీ ఎలా కడతాడు అని చాలామంది అడుగుతారు. ఏడాదికి 36 శాతం. ఏ పంటా అంత ఇవ్వదు, ఏ దుకాణమూ ఇవ్వదు. ఆ కిటుకంతా బయానాలో ఉంది. ఎకరం కోటి రూపాయలకు బేరం కుదిరిందనుకుందాం. వ్యాపారి రైతుకు పది లక్షలు బయానా ఇచ్చి, ఆరు నెలల ముద్దతుతో అగ్రిమెంటు రాయించుకుంటాడు. ఆ పది లక్షలే అతను అప్పు తెచ్చేది. మూడు రూపాయల వడ్డీకి ఆరు నెలలకు లక్షా ఎనభై వేలు. ఈలోపు ధర నూటికి పది పెరిగి ఎకరం కోటి పది లక్షలైతే, అదే అగ్రిమెంటును ఇంకొకరికి మార్చి పది లక్షలు లాభం తీస్తాడు. వడ్డీ పోను ఎనిమిది లక్షల ఇరవై వేలు మిగులు. మొత్తం ఎకరం మీద చూస్తే ఆ వడ్డీ రెండు శాతం కూడా కాదు. ధర పెరుగుతున్నంత కాలం మూడు రూపాయలేమిటి, అయిదు రూపాయలైనా కడతాడు, నవ్వుతూ కడతాడు.

ధర ఆగిపోతే? ముద్దతు దాటింది, రైతు బయానా జప్తు చేసుకున్నాడు, అగ్రిమెంటు చెత్తకాగితమైంది. అప్పిచ్చినవాడి పూచీ ఆ అగ్రిమెంటే. పూచీ అని పెట్టుకున్నది మంచుగడ్డలా కరిగిపోతుంది. ఇక్కడే పాతకాలానికీ ఇప్పటికీ తేడా. తాత రాసిన తాకట్టులో వడ్డీ పొలంలోంచి వచ్చేది. ఇప్పటి అప్పులో వడ్డీ పొలంలోంచి రాదు, ఆ తరవాత కొనబోయేవాడి జేబులోంచి రావాలి. అతనికీ ఇంకొకడు అప్పివ్వాలి. గట్టు మీద నడిచి చూడటానికి అందులో ఏమీ లేదు.

2006లో కోకాపేట వేలంలో ఎకరం 14 కోట్లు దాటినప్పుడు మా మంగళగిరిలో కూడా వడ్డీ వ్యాపారులకు కంటి మీద కునుకు లేదు. రిటైరైన ఉద్యోగులు, కొడుకులు డాలర్లు పంపే తల్లులు, నగల షాపులవాళ్లు, డాక్టర్లు అందరి డబ్బూ మధ్యవర్తుల చేతిలోకి వచ్చేది. మధ్యవర్తి ఒకరి దగ్గర రూపాయిన్నరకు తెచ్చి ఇంకొకరికి రెండున్నరకు ఇస్తాడు. మధ్య రూపాయి అతనిది. 2008లో అమెరికా దెబ్బ, 2009 జనవరి 7న సత్యం కంప్యూటర్స్ లెక్కలు అబద్ధమని ఒప్పుకున్న రామలింగరాజు లేఖ, రెండూ పడ్డాక హైదరాబాదు చుట్టుపక్కల కొనేవాడు కనపడలేదు. మధ్యవర్తులు ఫోన్లు ఎత్తలేదు. 2011 అక్టోబర్‌లో సుప్రీంకోర్టు జీపీఏ (జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ) మీద జరిగే అమ్మకాలకు యాజమాన్యం రాదని తేల్చింది. అప్పటిదాకా జీపీఏ పూచీ చాలనుకున్నవాళ్లంతా శుద్ధ క్రయం కావాలని పట్టుబట్టారు. ఎనభై ఏళ్ల కిందటి తాత చిత్తులు మళ్లీ నా బల్ల మీదికి వచ్చాయి.

2014 సెప్టెంబర్‌లో రాజధాని బెజవాడ చుట్టుపక్కలే అని అసెంబ్లీలో ప్రకటించారు. మరుసటి ఏడు భూసమీకరణ. 29 గ్రామాలు, 33 వేల ఎకరాలకు పైగా. మెట్ట ఎకరం ఇచ్చినవాడికి 1000 గజాల ఇంటి స్థలం, 250 గజాల వాణిజ్య స్థలం. నదీతీరపు జరీబు అయితే వాణిజ్యం 450 గజాలు. పదేళ్ల పాటు ఏటా కౌలు. పొలం గజాలైపోయింది. గజం అన్నాక అమ్మడానికీ కొనడానికీ చివరికి తాకట్టు పెట్టడానికీ సులువు. 2015 డిసెంబర్‌లో బెజవాడలో కాల్‌మనీ గొడవ బయటపడి, వడ్డీల కోసం ఆడవాళ్లను ఎలా వేధించారో పేపర్లలో వచ్చింది. కొన్నాళ్లు అందరూ జాగ్రత్తపడ్డారు. అదే ఏడు జూన్ నుంచి ఆదాయపు పన్ను చట్టం స్థలాల అడ్వాన్సులను కూడా ఇరవై వేలూ ఆపైన అయితే నగదుగా తీసుకోవద్దన్నది. అప్పులకు ఆ నిషేధం అంతకు ఎన్నో ఏళ్ల ముందునుంచే ఉంది. ఇక్కడ ఎంతమంది పాటించారో నేను చెప్పనక్కర్లేదు.

ఆ రోజుల్లోదే ఒక కేసు చెబుతాను. ఊళ్లు, పేర్లు వద్దు. 2018 అక్టోబర్. ఒక రిటైర్డు హెడ్మాస్టరు, ఒక ప్లాట్ల వ్యాపారి నా బల్ల దగ్గరికి వచ్చారు. మాస్టారి దగ్గర గ్రాట్యుటీ, పీఎఫ్, భార్య పుట్టింటివాళ్లిచ్చిన అర ఎకరం అమ్మిన డబ్బు కలిపి 30 లక్షలు ఉన్నాయి. వ్యాపారి దగ్గర రాజధానిలో 250 గజాల ఇంటి స్థలం ఉంది, అప్పటి ధరకు అప్పుకు రెండింతలు విలువ.

“బ్యాంకులో వేస్తే ఎంతొస్తుంది మాస్టారూ? మీకు నెల తిరిగేసరికి అరవై వేలు. పైగా స్థలం మీ పేరు మీదే ఉంటుంది.”

“స్థలం పేరు మీద ఉన్నాక ఇంక భయమేముంది నాయనా,” అన్నారు మాస్టారు.

నేను కాగితాలు సర్దుతూ అడిగాను. “డబ్బు కడితే వెనక్కి రాసివ్వాలని అందులోనే ఒక మాట రాయమంటారా? పోనీ, విడిగా ఒక ఒప్పందమైనా.”

వ్యాపారి నవ్వాడు. “ఎందుకు బాబాయ్, మాస్టారి మీద నాకు నమ్మకం లేదా? అందులో రాస్తే అది తాకట్టయిపోదూ.”

నిజమే. ఆ మాట అంటున్నది డబ్బిచ్చేవాడు కాదు, పుచ్చుకునేవాడు. తన మేలు కోసం ఉన్న కాగితాన్ని తనే వద్దన్నాడు. తాకట్టు పెట్టాడన్న సంగతి ఈసీలో కనిపిస్తే మార్కెట్లో అతని పరపతి పోతుంది మరి. మొదటి నెల వడ్డీ మినహాయించి 29 లక్షల 40 వేలు మాస్టారు వ్యాపారి బ్యాంకు ఖాతాలో వేశారు. లోపల వేలిముద్రలు, ఫోటో. బయట అందరికీ మజ్జిగ పోశాడు వ్యాపారి.

పద్నాలుగు నెలలు అరవై వేలు తప్పకుండా వచ్చాయి. 2019 డిసెంబర్ 17న అసెంబ్లీలో మూడు రాజధానుల మాట వచ్చింది. జనవరి నుంచి వడ్డీ ఆగింది. మాస్టారు అసలైనా ఇమ్మన్నారు. వ్యాపారి చెప్పిన జవాబు మాస్టారు వచ్చి నాకు చెప్పారు: “స్థలం మీ పేరు మీదే ఉంది కదా, ఉంచేసుకోండి.” అప్పటికి ఆ స్థలం అమ్మితే అప్పు కూడా తీరదు. మాస్టారు నాలుగేళ్లు ఆ రోడ్డు వైపే వెళ్లలేదు. అక్కడ తుమ్మ చెట్లు మొలిచాయని చుట్టాలు చెబితే వినేవారు.

2022 మార్చి 3న రాజధాని అమరావతికి అనుకూలంగా హైకోర్టు తీర్పు వచ్చింది. 2024 జూన్‌లో ప్రభుత్వం మారింది, 2025 మే 2న పనులు మళ్లీ మొదలుపెట్టడానికి ప్రధాని వచ్చారు. గజం ధర లేచింది. 2025 జూన్‌లో వ్యాపారి మాస్టారి ఇంటికి వచ్చి, 30 లక్షలూ, పైన కొంత వడ్డీ ఇస్తాను, స్థలం వెనక్కి రాసివ్వండి అన్నాడు. మాస్టారు రాసివ్వనన్నారు. నువ్వే ఉంచుకోమన్నావు కదా అన్నారు. కేసు పడింది.

ధర పడినప్పుడు ఆ కాగితాన్ని క్రయం అన్నది వ్యాపారి, అప్పు అన్నది మాస్టారు. ధర లేచాక అదే కాగితాన్ని అప్పు అంటున్నది వ్యాపారి, క్రయం అంటున్నది మాస్టారు. ఎవరినీ తప్పుపట్టలేను. రాబడి ధరలోంచే రావాలని ఇద్దరూ ముందే ఒప్పుకున్నారు, ధర ఎటు తిరిగితే వాళ్లూ అటు తిరిగారు.

మాస్టారి ప్లీడరు చేతిలో ఉన్నది 1929 సవరణ. షరతు దస్తావేజులో లేదు, తాకట్టు కాదు. రిజిస్టరైన కాగితంలో ఉన్నదానికి విరుద్ధంగా నోటిమాట సాక్ష్యం చెల్లదని సాక్ష్యాల చట్టం కూడా ఆయనకు అండ. వ్యాపారి ప్లీడరు 1982లో గంగాబాయి కేసులో సుప్రీంకోర్టు చెప్పినదాన్ని పట్టుకున్నాడు. ఆ కాగితం ఉత్తుత్తిది, అసలు అమలు చేసే ఉద్దేశమే ఎవరికీ లేదు అని చూపించడానికైతే నోటిమాట సాక్ష్యం తీసుకోవచ్చు. దానికి తోడు అతను కోర్టులో వేసింది మాస్టారి బ్యాంకు ఖాతా నకలు. నెలకు అరవై వేల చొప్పున వరసగా జమలు. కొన్నవాడికి అమ్మినవాడు నెలనెలా డబ్బెందుకు కట్టాడు? స్థలం మీద అప్పు కాదు, వేరే పాత బాకీ అని మాస్టారి వైపు జవాబు. అది నిలుస్తుందని నాకు అనిపించడం లేదు.

సాక్షిగా నాకూ సమన్లు వచ్చాయి. లేఖరిని కదా, దస్తావేజు ఎందుకు రాశారో నాకు తెలియాలి. వాయిదాకు ముందు మాస్టారి ప్లీడరు ఒక కాగితం ముక్క మీద లెక్క వేసి చూపించాడు. పోనీ అప్పే అనుకుందాం. 2020 జనవరి నుంచి 2025 జూన్ దాకా 66 నెలలు, నెలకు అరవై వేలు, 39 లక్షల 60 వేలు. అసలుతో కలిపి 69 లక్షల 60 వేలు. దాని మీద రాజీకి వస్తారేమో మీరు ఒకసారి అడగండి బాబాయ్ అన్నాడు. వ్యాపారి మాత్రం వడ్డీ రేటు కాగితంలో లేదు కదా, రెండు రూపాయలని ఎవరన్నారు అంటున్నాడు. రెండు రూపాయలని అతనన్నప్పుడు నేను అక్కడే కూర్చుని ఉన్నాను.